అద్దెకున్న అడుగులు

పదకొండవ భాగం

మూడు కూతలు. ఒక విరామం. మళ్లీ మూడు కూతలు.

తలుపు తెరవకముందే, కిటికీ రెక్కలు తీయకముందే, ఆ శబ్దం కార్ఖానాలోంచి బయలుదేరి నడవ దాటి వంటింటిదాకా వచ్చింది. అడిగిందే అడిగి, జవాబు విననట్టు మళ్లీ అడిగే అధికారి గొంతులా ఉంది. పెద్దమ్మాయి చేతిలో గరిటె ఆగింది. ఆమె తల్లి పొయ్యి మంట తగ్గించింది.

“మెషీను అది,” అంది పెద్దమ్మాయి.

“మెషీను రోజూ మోగుతుందిగా.”

“ఇలా మోగదు.”

“మీ నాన్న లోపలే ఉన్నారు. ఆయన చూసుకుంటారు.”

“చూసుకుంటే ఆగాలి కదమ్మా.”

ఆగలేదు.

కార్ఖానా అంటే ఇంటి వెనక అతికించినట్టున్న పొడవాటి గది. గోడ పొడవునా కొక్కేలకు కాళ్లు వేలాడుతుంటాయి. మోకాలి కిందివి, తొడనుంచి దిగినవి, పసివాళ్లవి, వేళ్లు చెక్కనివి, చెక్కినా రంగు వేయనివి. నలభై ఏళ్లుగా కాళ్లు పోయినవాళ్లకు కాళ్లు చేసి నిలబెట్టిన మేస్త్రి ఇవాళ వాటి కింద స్టూలు మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అచ్చులు చెక్కే మెషీను. దాని దవడల మధ్య తెల్లని నురుగుదిమ్మె, ఒక్క గాటైనా పడకుండా. పక్కన తెరమీద ఎర్రని పట్టీ.

తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చిన అల్లుడు దాన్ని పైకి చదివాడు.

“ఖాతాదారుగా మరొకరు నటించినట్లు అనుమానం. ఖాతా నిలిపివేయడమైనది.” తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “మనింట్లో నటన వచ్చినవాళ్లు ఎవరున్నారు మామయ్యా? కూర బాగుందని చెప్పడమే నాకు సరిగ్గా చేతకాదు.”

మేస్త్రి నవ్వలేదు. కూతలు ఆగలేదు.

ఆ ఖాతా చిన్నదాని పేరుమీద ఉంది. నాలుగేళ్ల కిందటిదాకా పెరట్లో పదకొండు వందల ప్లాస్టర్ అచ్చులుండేవి. ఒక్కొక్కటీ ఒక్కొక్క మనిషి కాలు ఎక్కడ ఆగిపోయిందో గుర్తుపెట్టుకున్న అచ్చు. మేస్త్రి చిన్నకూతురు వాటన్నిటినీ స్కాను చేసి క్లౌడుకెక్కించింది. నెలనెలా చందా కడితే చాలు, అచ్చులన్నీ అక్కడే భద్రంగా ఉంటాయంది. తెరమీద పేరు నొక్కితే మెషీను ఆ కాలి ఆకారాన్ని చెక్కి ఇస్తుందంది. చెక్కి ఇచ్చింది కూడా. పాత అచ్చులు పగలగొట్టి పెరటి గుంత పూడ్చారు. రెండేళ్ల తరువాత ఎనిమిది రోజుల జ్వరం వచ్చి చిన్నది పోయింది.

ఆనాటినుంచి ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. పలకవద్దని ఎవరూ అనలేదు కూడా. పొద్దున్నే తెర వెలిగించగానే శుభోదయమని పలకరించి, ఆ పేరు పక్కన పచ్చని చుక్క పెట్టేది ఆ ఖాతా ఒక్కటే.

“పేరు మార్చమని ఏడాదినుంచి మొత్తుకుంటున్నాను,” అన్నాడు అల్లుడు, ఈసారి నెమ్మదిగా.

“ఇప్పుడు ఆ మాట దేనికి?” అంది అతని భార్య, పెద్దమ్మాయి.

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు? పదకొండు వందల మంది కొలతల్లో ఒక్కటీ తెరుచుకోవడంలేదు.”

మేస్త్రి లేచి మెషీను తీగ లాగేశాడు. కూతలు ఆగిపోయాయి.

*

తొమ్మిది కొట్టకముందే పోస్టుమేన్ వచ్చాడు. చంకలో కర్ర, భుజాన సంచీ, ఎడమకాలి స్థానంలో పగిలిన కాలు. మోకాలి కింద మిగిలిన మొండిని పట్టి ఉంచే గిన్నె నిలువునా చీలింది. దానికతను పార్సిళ్లకు చుట్టే టేపు చుట్టుకొచ్చాడు.

“ఏం మేస్త్రిగారూ, నా కాలు ఉడికిందా, ఇంకా పొయ్యిమీదే ఉందా?”

“క్లౌడులో ఇరుక్కుందండి,” అన్నాడు అల్లుడు.

“మబ్బుల్లోనా?” పోస్టుమేన్ బల్లమీద కూలబడ్డాడు. “నా వీధులు కింద ఉన్నాయి బాబూ. కాలు పైన పెట్టి ఉత్తరాలు కింద పంచమంటే ఎలా?”

మేస్త్రి అతని ముందు గొంతుక్కూచుని టేపు విప్పాడు, గిన్నె లాగాడు, మేజోడు ఒలిచాడు. మొండి చివర ఎర్రగా కంది, ఒక పక్క చర్మం లేచిపోయి ఉంది. బొటనవేలితో అంచు నొక్కి చూశాడు. వేలు తీశాక కూడా గుంట అలాగే నిలిచింది.

“ఎన్నాళ్లనుంచి?”

“పది రోజులు.”

“పది రోజులు నడిచావా దీనిమీద?”

“ఎగరడం రాదుగా.”

“కొత్తగా కొలత తీసెయ్ నాన్నా,” అంది పెద్దమ్మాయి. “స్కానరు లేకపోతే పోయింది, ప్లాస్టర్ ఉంది.”

“వాపుమీద కొలత తీస్తే వాపుకి కాలు చేసినట్టవుతుంది, మనిషికి కాదు. వాపు తగ్గినరోజు కాలు జారుతుంది. పాత ఆకారమే కావాలి.”

“వాపు తగ్గేదాకా కూర్చోమంటే?”

ఆ మాటకు పోస్టుమేన్ ముఖంలో నవ్వు ఆరింది. “వచ్చే సోమవారం మా ఆఫీసు పెద్దాయన ముందు నడిచి చూపించాలమ్మా. నడిస్తే నా వీధులు నావి. లేదంటే లోపల కూర్చోబెట్టి స్టాంపులు కొట్టిస్తారు. మూణ్ణెల్లు స్టాంపులు కొట్టించి, ఆ తరువాత ఇంటికి పొమ్మంటారు. నా ముందువాడికి అలాగే జరిగింది.”

క్లౌడు కంపెనీవాళ్లు తొమ్మిదిన్నరకు ఫోను చేస్తామన్నారు. పెద్ద చందా కట్టేవాళ్లకు మనిషి గొంతు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతుంది. చిన్న చందావాళ్లకు నెలకు ఒకే ఒక్క ఫోను, పది నిమిషాలు. ఆ పది నిమిషాలకోసం అందరూ ఎదురుచూస్తున్నారు.

మేస్త్రి బల్లమీది ఉలి అందుకుని, అంచును వేలిమీద పరీక్షించాడు.

“ఇది మా గురువుగారిచ్చింది. ఏనాడూ నువ్వెవరని నన్నడగలేదు.”

“మెషీను కూడా మనదే మామయ్యా. దాని తెలివి అద్దెది, అంతే.”

“అద్దె తెలివి.”

“ఇకమీదట అన్నీ అంతే. పళ్ల డాక్టరుగారి కుర్చీ అంతే, మందుల కొట్టు అలమర అంతే. రేపు కుట్టుమిషను కూడా పొద్దున్నే ముఖం చూపించమంటుంది.”

“చూపించకపోతే?”

“సూది దిగదు.”

మేస్త్రి ఉలి కింద పెట్టాడు. ముఖం చూపించడమన్న మాట వినగానే అతను ముందుగదివైపు చూశాడు. అది గమనించింది అతని ఇల్లాలు ఒక్కతే. గుమ్మంలో, చెంగుతో చేతులు తుడుచుకుంటూ, ఆమె అప్పటికి చాలాసేపటినుంచి నిలబడే ఉంది.

*

ఫోను బల్లమధ్య పెట్టి అందరికీ వినపడేలా చేశాడు అల్లుడు. అవతల ఒక అమ్మాయి గొంతు. చల్లగా, మర్యాదగా, ఇస్త్రీ చేసినట్టుగా ఉంది.

“నమస్కారమండీ. ఈ సంభాషణ రికార్డవుతోంది. మీకు పది నిమిషాలు కేటాయించాం. ఖాతాదారుగారు మాట్లాడుతున్నారా?”

“వాళ్లు లేరండీ,” అంది పెద్దమ్మాయి. “మేం వాళ్ల కుటుంబం.”

“లేరంటే ఊళ్లో లేరా అండీ?”

బల్లమీద ఇనప రజను ఉంది. పెద్దమ్మాయి దాన్ని వేలితో ఒక పక్కకు చేర్చింది. “లేరండీ,” అని మాత్రం మళ్లీ అంది.

“సరేనండీ. గత మూడు రోజుల్లో మూడుసార్లు ఖాతాదారు ముఖ నిర్ధారణకు ప్రయత్నం జరిగింది. మూడుసార్లూ కెమెరా ముందుకు ముఖం వచ్చింది, మా దగ్గరున్న ముఖంతో సరిపోయింది కూడా. కానీ కళ్లు ఆర్పమని అడిగినప్పుడు ఆర్పలేదండీ.”

పెద్దమ్మాయి రజను మీంచి వేలు తీసింది.

“అది ఫోటో అని మా సిస్టం గుర్తుపట్టింది. అందుకే ఖాతా ఆపాం.”

“ముందుగదిలో దాని పటం,” అంది ఇల్లాలు గుమ్మంలోంచి. “మూడు రోజులుగా వంకరగా ఉంటోంది. గాలికనుకున్నాను. మూడు రోజులూ సరిచేశాను.”

పెద్దమ్మాయి తండ్రివైపు తిరిగింది. “నువ్వా నాన్నా?”

“ముఖం చూపించమంది,” అన్నాడు మేస్త్రి. “ఉన్న ముఖం చూపించాను.”

“ఎందుకు నాన్నా?”

“మూడు నెలలనుంచి రోజూ అడుగుతోంది. ఈ వ్యక్తి ఇంకా మీ దగ్గర ఉన్నారా అని. అవును, కాదు, తరువాత. తరువాత అన్నది నొక్కుతూ వచ్చాను. మొన్న సోమవారంనుంచి ఆ తరువాత అన్న మీట తీసేశారు. రెండే మిగిల్చారు. అవును నొక్కితే ముఖం చూపించమంది.”

“కాదు అని నొక్కితే అయిపోయేదిగా మామయ్యా,” అన్నాడు అల్లుడు.

“నువ్వు నొక్కగలవా?”

“మూడు నిమిషాలయిందండీ,” అంది ఫోనులో అమ్మాయి. “మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఖాతాదారు మరణించారని ఇప్పుడే నమోదు చేయించడం. పత్రం తరువాత పంపినా ఫరవాలేదు. కానీ ఫోటో చూపించినవారే స్వయంగా, ఖాతాదారు పేరుతో ఈ ఫోనులో చెప్పాలి. అప్పుడే మోసం అనుమానం కొట్టేస్తాం. సంస్థ ఫైళ్లన్నీ ఈ గంటలోనే కొత్త ఖాతాదారుకి వస్తాయి.”

“అదే చేస్తామండీ,” అంది పెద్దమ్మాయి. “నా పేరుకి మార్చండి.”

“ఒక్కమాట వినండి. మరణం నమోదయిన క్షణంలో వారి సొంత స్వరసందేశాలు చెరిగిపోతాయి. పోయినవారి గోప్యతకోసం పెట్టిన నియమం. ఈ ఖాతాలో అలాంటివి నాలుగువందల పన్నెండు ఉన్నాయి. అవి ఉండాలంటే రెండో దారి, అప్పీలు. అప్పీలు తేలడానికి నలభై ఐదు రోజులు పడుతుంది. అందాకా ఖాతా తెరుచుకోదు. దేన్నీ చెరపం. అవి దక్కుతాయని మాత్రం హామీ ఇవ్వలేం.”

“ఏ సందేశాలు?”

అడిగింది ఇల్లాలు. గుమ్మం వదిలి గదిలోకి వచ్చింది. పోస్టుమేన్ బల్లమీద కాస్త పక్కకు జరిగాడు, ఆమెకి దారి ఇస్తున్నట్టు, తాను అక్కడ లేనట్టు.

“ఏ సందేశాలండీ?” ఈసారి భర్తనే అడిగింది.

మేస్త్రి ఆరిన తెరవైపు తిరిగాడు. “చాలా కాళ్లకి ఒక్కో మాట చెప్పి పెట్టింది. రాసినవి చదవడం నాకు విసుగని. నాన్నా, ఈయనకి లోపలి అంచు గీయి. నాన్నా, ఈమె మడమ ఎత్తు తగ్గించు, మెట్లెక్కే పని. అలాంటివే. పనిమాటలు.”

“దాని గొంతుతోనా?”

“దాని గొంతుతోనే.”

“మీరెప్పుడు వింటారు?”

“పొద్దున్నే. ఒకటో, రెండో.”

ఇల్లాలు కొక్కేలకు వేలాడే కాళ్లవైపు చూసింది, నేలవైపు చూసింది, చివరికి భర్తవైపు చూసింది. ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండునని పెద్దమ్మాయికి అనిపించింది.

“రెండేళ్లు. నేను ఈ గోడకి అవతల గిన్నెలు తోముకుంటూ ఉన్నాను. మీరు ఇవతల కూర్చుని దాని గొంతు వింటూ ఉన్నారు.”

“నువ్వు ఏడుస్తావని.”

“ఏడ్చేదాన్నే. కన్నదాన్ని, ఏడవనా? ఏడవనివ్వకపోవడానికి మీరెవరు?”

“అత్తయ్యా,” అన్నాడు అల్లుడు, “ఐదు నిమిషాలయింది.”

“అవనీ.” ఆమె భర్తను వదల్లేదు. “ఒక్కటి. నాలుగొందల పన్నెండులో ఒక్కటంటే ఒక్కటి నన్ను పిలిచి వినిపిస్తే మీ సొమ్మేం పోయేది? పోనీ ఇంకో ఫోనులోనైనా పట్టి ఉంచాల్సింది.”

“తోచలేదు.”

“తోచలేదా?”

“ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుందనుకున్నాను,” అన్నాడు మేస్త్రి.

ఇల్లాలు ఫోనుకు దగ్గరగా వంగింది. “అమ్మాయ్, అప్పీలు పెట్టు. మేం ఆగుతాం.”

“అమ్మా,” పెద్దమ్మాయి ఆమె చేయి పట్టుకుంది. “నలభై ఐదు రోజులు కార్ఖానా మూసుకోవాలి. పదకొండు వందల మంది అమ్మా. రోజుకి ఇద్దరో ముగ్గురో ఆ గుమ్మంలోకి వస్తారు. వాళ్లకేం చెప్తావు?”

“ఆగమని చెప్తాను. తెలియకుండా నేను రెండేళ్లు ఆగాను. తెలిసి వాళ్లు నలభై ఐదు రోజులు ఆగలేరా?”

“ఆ తరువాతైనా ఇస్తామని వాళ్లు చెప్పడంలేదుగా.”

“ఇవ్వమనీ చెప్పలేదుగా.”

పెద్దమ్మాయి చేయి వదిలేసింది. ఆమెలో ఎన్నాళ్లనుంచో అణిగి ఉన్నది ఒక్కసారిగా పైకొచ్చింది, కానీ చిన్న గొంతుతో వచ్చింది. “ఈ ఇంట్లో నాకూ ఒక గొంతుంది. మూడు నెలలనుంచి నా పేరుకి మార్చు నాన్నా, నేను చూసుకుంటాను అంటున్నాను. పోయినదానికి రోజూ శుభోదయం. ఉన్నదానికి తరువాత.”

“దానితో నీకు పోటీ ఏమిటే?” అంది తల్లి.

“పోటీ లేదమ్మా. గెలవలేనని ఎప్పుడో తెలుసు.”

మేస్త్రి ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాడు. ఎవరి కాలు పొట్టో, ఎవరి నడుము ఎటు ఒరుగుతుందో దూరంనుంచే చెప్పగల మనిషి, తన కూతురూ తన భార్యా ఎటు ఒరిగారో చూసి కూడా చేయి అందించలేకపోయాడు.

*

“ఏడు నిమిషాలయిందండీ.”

అప్పుడు బల్ల కిర్రుమంది. పోస్టుమేన్ మేజోడు ఎక్కించుకున్నాడు. పగిలిన గిన్నెలోకి మొండిని దింపి, సంచీలోంచి టేపు తీసి నాలుగు చుట్లు చుట్టాడు.

“ఏం చేస్తున్నావోయ్?” అన్నాడు మేస్త్రి.

“వెళ్తున్నాను. ఇది మీ ఇంటి విషయం, మధ్యలో నా కాలెందుకు?” ఇల్లాలివైపు తిరిగాడు. “అమ్మగారూ, నేను ఆగుతాను. మా అమ్మ పోయినప్పుడు ఆవిడ గొంతు ఎక్కడా లేదు నాకు. ఉంటే నేనూ ఆగమనే చెప్పేవాణ్ణి. మీరు కానివ్వండి.”

కర్ర ఊతంగా లేచాడు. గుమ్మం పన్నెండు అడుగుల దూరంలో ఉంది.

మేస్త్రి అతన్ని చూడలేదు. కళ్లు నేలకు దించి విన్నాడు. కుడి అడుగు నిండుగా పడింది. ఎడమ అడుగు పడీపడనట్టు పడి, గిన్నె అంచు ఎముకకు తగిలి, ఆగి, మళ్లీ లేచింది. కుడి. ఎడమ. నలభై ఏళ్ల అనుభవం ఆ ఎడమ అడుగును చదువుకుంది: చర్మం పోయింది, ఇక మాంసం పోతుంది, నెల తిరక్కముందే మోకాలు కూడా పోతుంది.

నాలుగో అడుగుకి నేలమీద చిన్న ఎర్రచుక్క పడింది. అతను దాన్ని చూడలేదు. ఇల్లాలు చూసింది.

“కూర్చో,” అన్నాడు మేస్త్రి.

“కూర్చోమనడం తేలిక మేస్త్రిగారూ. కూర్చోబెడతామనేవాళ్లు మా ఆఫీసులో నలుగురున్నారు. నిలబెట్టేవాళ్లు మీరొక్కరే.”

అని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. గోడకు చేయి ఆనించాడు.

“తొమ్మిదో నిమిషం నడుస్తోందండీ,” అంది ఫోనులో గొంతు. ఇస్త్రీ మడత మొదటిసారి కాస్త నలిగింది. “ఏదో ఒకటి చెప్పండి. చెప్పకపోతే ఫోను దానంతటదే తెగిపోతుంది. వచ్చే నెలదాకా నేనేమీ చేయలేను.”

మేస్త్రి బల్ల దగ్గరకు వచ్చాడు. ఇల్లాలు అతనికన్నా ముందే అక్కడికి చేరింది. ఫోను తెరమీద గుండ్రని ఎర్ర మీట ఉంది; నొక్కితే మాట తెగుతుంది. ఆమె వేలు దానిమీదికి వెళ్లి, తాకీ తాకకుండా నిలిచింది.

“ఒక్కటి విననివ్వండి,” అంది. “ఒక్కటి విన్నాక మీ ఇష్టం.”

“వినడానికి కుదరదండీ,” అంది ఫోనులో అమ్మాయి చాలా మెల్లగా. “ఖాతా మూసి ఉంది.”

“పోనీ నువ్వు వినగలవా?”

“నేనా? వినకూడదండీ.”

భార్యాభర్తలిద్దరూ ఆ వేలినే చూస్తున్నారు. మేస్త్రి దాన్ని తొలగించబోలేదు. నొక్కితే నొక్కనీ అన్నట్టు తన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. గోడ దగ్గర పోస్టుమేన్ ఊపిరి పెద్దగా వినిపిస్తోంది.

“ఫోటో చూపించింది నేనే,” అన్నాడు మేస్త్రి. “మోసానికి కాదు.”

“నమోదు చేశానండీ. ఖాతాదారు?”

“రెండేళ్లయింది పోయి.”

“నమోదు చేశానండీ. ఖాతాదారు మీకేమవుతారు?”

“నా చిన్నకూతురు.”

ఇల్లాలి కళ్లు మూసుకుపోయాయి. వేలు మాత్రం అక్కడే ఉంది.

“సంబంధం రాసుకున్నానండీ. పేరు కావాలి. ఇరవై సెకన్లుంది.”

పెద్దమ్మాయి నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. అది తాను అందించకూడని మాట.

మేస్త్రి భార్యవైపే తిరిగి, ఫోనుకి కాదు, ఆమెకే చెబుతున్నట్టు, రెండేళ్ల తుప్పు పట్టిన గొంతుతో అన్నాడు.

“తరళ.”